చలిదేశాల కోటు, నెల్లూరు వాన

రెయిన్‌కోటు కొనడానికి వెళ్లినవాళ్లు అడిగే మొదటి మాట "నీళ్లు దిగవు కదా?" అని. అంగడివాడు దిగవంటాడు. అతను చెప్పేది నిజమే. నాలుగు వందల ప్లాస్టిక్ కోటయినా సరే, చిరుగు లేనంతవరకు గుడ్డలోంచి చుక్క దిగదు. అయినా నవంబరు ముసురులో గంటసేపు బయట పని చూసుకుని ఇల్లు చేరిన మనిషి బనీను పిండితే నీళ్లు కారతాయి. వాటిలో కొన్ని మెడ దగ్గర, ముంజేతుల దగ్గర దూరినవి. మిగతాది అతని చెమటే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానకోటు ఎంచుకోవడమంటే ముందు ఈ రెండు దారులూ చూసుకోవడం. గుడ్డ సంగతి ఆ తర్వాత.

ఇక్కడి వాన తీరు వేరు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలే ఆధారం. నెల్లూరుకు మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడుతుంది. ప్రకాశంలో పడమటికి పోయేకొద్దీ ఈ వాటా తగ్గుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన ఒంటరిగా రావడం తక్కువ. బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో పుట్టి గాలిని వెంటబెట్టుకొస్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడైనా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడైనా బయట ఉండక తప్పనివాళ్లు వేలల్లో ఉన్నారు: రొయ్యల గుంటల కాపలాదారులు, లైన్‌మెన్‌లు, పాలవాళ్లు, గొర్రెల కాపరులు, కాలువ గట్ల మీద ఇసుక బస్తాలు వేసేవాళ్లు.

గాలిని అంకెల్లో చూస్తే కోటు సమస్య తేటపడుతుంది. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాతావరణ శాఖ దాన్ని వాయుగుండం అంటుంది. 62కు చేరితే తుపాను. మధ్యస్థంగా 40 అనుకుంటే సెకనుకు 11 మీటర్లు. రెండు మిల్లీమీటర్ల చినుకు గాలి లేనప్పుడు నేలకు దిగే వేగం సెకనుకు సుమారు ఆరున్నర మీటర్లు. అంటే ఆ చినుకు కిందికి పడే వేగం కన్నా అడ్డంగా పరుగెత్తే వేగమే ఎక్కువ. నిలువు గీత నుంచి కొలిస్తే దాదాపు అరవై డిగ్రీల వాలు. ముసురులో పడే సన్నటి చినుకులైతే ఇంకా వాలిపోయి వస్తాయి.

ఇలాంటి జల్లు నెత్తినీ భుజాలనూ వదిలేసి మొహాన్నీ ఛాతీనీ తొడలనూ కొడుతుంది. గొడుగు సంగతి చెప్పనక్కర్లేదు, ఊచలు వెనక్కి విరుచుకుంటాయి. తల దూర్చి వేసుకునే పోంచో గాలి లేనప్పుడు చాలా హాయి. కింద నుంచి గాలి ఆడుతుంది, చెమట పట్టదు, వీపు మీది సంచి కూడా తడవదు. వాయుగుండం గాలికి మాత్రం తెరచాపలా లేచి మొహానికి చుట్టుకుంటుంది. నడుముకు తాడు కట్టుకుంటే కొంత మేలు. చెరువు గట్టు మీద, పడవలో, మోటారు సైకిల్ మీద మాత్రం తాడు కట్టినా నమ్మదగింది కాదు. యూరియా గోతాన్ని ఒక మూల లోపలికి నెట్టి కొప్పులా నెత్తిన వేసుకోవడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. దాన్ని చూసి నవ్వేవాళ్లు నాట్లేసే ఆడవాళ్లను గమనించి ఉండరు. వంగి పని చేసే మనిషికి వీపే కప్పు. గాలికి వీపు పెట్టి నాటుకుంటూ పోతే గోతాం కొప్పు కాయాల్సిన చోటంతా కాస్తుంది, ముందు వైపు తెరుచుకునే ఉంటుంది కాబట్టి ఉక్కా పోయదు. అదే కొప్పుతో గాలికి ఎదురు నడిస్తే ముందు వైపంతా ముద్దయిపోతుంది.

ఎదురు గాలిలో కోటు తడిసేది తెరుచుకునే చోట్లే. జిప్పు మీద గుడ్డ పట్టీ లేకపోతే జిప్పు పళ్ల మధ్య నుంచి నీరు నెమ్మదిగా దిగి పొట్ట దగ్గర చేరుతుంది. ఒక పట్టీ కన్నా ఒకదానిమీద ఒకటి వచ్చే రెండు పట్టీలు మేలు. జేబు మూతలు పొట్టిగా ఉంటే జేబే గిన్నెలా నిండుతుంది. అన్నిటికన్నా అన్యాయం ముంజేతుల దగ్గర జరుగుతుంది. రొయ్యల గుంటలో చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగేవాడి చేతులు, స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతులు, బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకున్నవాడి చేతులు పైకి లేచే ఉంటాయి. అరచేతి మీద పడ్డ నీళ్లు మణికట్టు దాటి మోచేతికి, అక్కడి నుంచి చంకకు జారతాయి. సాగే రబ్బరు ఒక్కటే ఉన్న చేతి అంచు దీన్ని ఆపలేదు; వెల్క్రో పట్టీతో (అతుక్కుని ఊడివచ్చే పట్టీతో) బిగించుకునేది కావాలి. లోపల రెండో చేతి అంచు కుట్టిన కోటు దొరికితే వదలకూడదు.

ఇక చెమట. వానకోట్లలో ఖరీదైనవన్నీ "గాలాడే గుడ్డ" పేరుతో అమ్ముడవుతాయి. దీని వెనక నిజమైన విజ్ఞానం ఉంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్కసారిగా గుంజి సన్నటి రంధ్రాల పొరగా మార్చగలిగాడు. గోర్‌టెక్స్ దాని ఫలమే. ఆ రంధ్రాల్లో నీటి చుక్క దూరలేదు, ఆవిరి మాత్రం దూరగలదు. ఇప్పుడు పాలీయురెథేన్ పొరలతో అదే పని చవకగా చేసే గుడ్డలు చాలా వచ్చాయి. ఇవన్నీ ఒక్క సూత్రం మీద నడుస్తాయి: కోటు లోపల ఆవిరి పీడనం ఎక్కువగా, బయట తక్కువగా ఉన్నప్పుడే ఆవిరి బయటికి పోతుంది. ఎంత తేడా ఉంటే అంత వేగం.

ఆ తేడా చలిదేశంలో ఒకలా, కావలిలో ఇంకోలా ఉంటుంది. చెమట పట్టిన చర్మం 34 డిగ్రీల దగ్గర ఉంటే దాని మీది ఆవిరి పీడనం సుమారు 53 హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం). బయట 5 డిగ్రీల చలి, 95 శాతం తేమ ఉన్న చోట గాలిలోని ఆవిరి పీడనం 8కి అటూ ఇటూ. తేడా 45. నెల్లూరు వానలో ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, తేమ అదే 95 శాతం అనుకుంటే గాలిలో ఆవిరి పీడనం 30. తేడా 23 మాత్రమే. పర్వతారోహకులు మెచ్చుకున్న కోటు ఇక్కడికొచ్చేసరికి సగం బలంతో పనిచేస్తుందన్నమాట. గుడ్డలో లోపం లేదు, తయారైన వాతావరణం వేరు. పైగా ఇక్కడ మనిషికి చెమట కూడా ఎక్కువే పడుతుంది.

ఇంకో చిక్కుంది. ఈ కోట్ల పైగుడ్డ మీద నీటిని ముత్యాల్లా జార్చే పూత ఒకటి వేస్తారు. వాడేకొద్దీ, ముఖ్యంగా సంచి పట్టీలు ఒరుసుకునే భుజాల దగ్గర అది అరిగిపోతుంది. అప్పుడు పైగుడ్డ నీరు పీల్చి తడిగుడ్డలా ఒంటికి అతుక్కుంటుంది. లోపలి పొర నీళ్లను ఆపుతూనే ఉంటుంది గానీ ఆవిరికి దారి మూసుకుపోతుంది. లోపల తడి చూసి కోటు కారుతోందని పారేసేవాళ్లు చాలామంది. కోటును దానికి తగ్గ తేలికపాటి సబ్బు ద్రవంతో ఉతికి, జాడించి, కోటు లోపలి చీటీ మీద అనుమతి ఉంటే తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే ఆ పూత చాలావరకు తిరిగి లేస్తుంది. మామూలు డిటర్జెంటు పొడి మాత్రం దానికి శత్రువు. పర్యావరణ భయంతో కంపెనీలు ఫ్లోరిన్ పూతలు మానుకుంటున్నాయి. కొత్త పూతలు నూనె మరకలకు, మట్టికి త్వరగా లొంగుతాయి, కాబట్టి ఇంకా తరచుగా ఉతకాలి.

అందుకే ఇక్కడ గుడ్డ గుండా పోయే ఆవిరిని నమ్ముకునే కన్నా కోటుకు కిటికీలు ఎన్ని ఉన్నాయో చూడటం మంచిది. చంకల కింద జిప్పులు, వీపు మీద అడ్డంగా మడత వేసి దాని కింద జాలీ పెట్టిన కుట్టు, పై నుంచీ కింద నుంచీ తెరుచుకునే జిప్పు: ఈ మూడింటిలో ఏ రెండున్నా, మామూలు నైలాన్ కోటయినా, కిటికీ ఒక్కటీ లేని ఖరీదైన కోటు కన్నా ఈ తీరంలో హాయిగా ఉంటుంది. ఒక సైజు పెద్దది తీసుకుంటే నడిచేటప్పుడు లోపలి గాలి కదులుతుంది. మరీ రెండు సైజులు పెద్దదైతే గాలికి కొట్టుకుంటుంది, రొయ్యల గుంట నీటిలో గాలి కలిపే ఏరేటర్ యంత్రం దగ్గర అంచు చిక్కుకునే ప్రమాదమూ ఉంది.

ప్లాస్టిక్ కోటు, అంటే పీవీసీ పూత కోటు, పేదవాళ్ల వస్తువని చులకన అక్కర్లేదు. అతుకులు కుట్టకుండా వేడితో అంటించిన మందపాటి పీవీసీ సూట్ కన్నా నీటిని బాగా ఆపేది లేదు. దానిలో ఆవిరికి దారి సున్నా. కాబట్టి అది కదలకుండా ఉండే పనికి సరిపోతుంది, నడిచే పనికి సరిపోదు. రాత్రంతా గుంట గట్టు మీద ఉండేవాడికి అదే మేలు. వాన నీరు పడితే గుంటలో ఉప్పదనం పడిపోతుంది, నీరు పొరలు పొరలుగా విడిపోతుంది, అడుగున ప్రాణవాయువు తగ్గుతుంది. ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి. ఆ మనిషి గంటలో పావు గంట పరుగెత్తి మిగతా సమయం నిలబడే ఉంటాడు. కాటాలు, కంప చెట్లు, పనిముట్లు ఏవి గీరినా తట్టుకునే కోటు కావాలి. పదివేల రూపాయల పొర కోటు అక్కడ వారంలో చిరుగుతుంది. ఒక్క జాగ్రత్త: రబ్బరు బూట్లు వేసుకున్నాం కదా అని తడి చేతులతో స్టార్టర్ బాక్స్ ముట్టుకోకూడదు. ఆ బూట్లు బురద కోసం చేసినవి, కరెంటును ఆపుతాయన్న హామీ వాటికి లేదు.

నీళ్ల మీద ఉండేవాళ్లకు కోటు కన్నా లైఫ్ జాకెట్ ముఖ్యం, అది కోటు పైన ఉండాలి. కింద వేసుకుని పైన కోటు బిగిస్తే నీళ్లలో పడ్డప్పుడు కోటు నిండా నీరు చేరుతుంది, జాకెట్ సరిగా పని చేయదు. రంగు నారింజ, కనీసం పసుపు. మొలబంటి బూట్లు నిండితే తిరిగి పడవెక్కడం కష్టం, పొట్టివే నయం. జాతీయ రహదారి మీద మోటారు సైకిల్ నడిపేవాళ్లకు చిక్కు వేరు. నెల్లూరు నుంచి ఒంగోలు దిక్కుగా పోతుంటే తూర్పు గాలి కుడి పక్క నుంచి కొడుతుంది, లారీ దాటినప్పుడల్లా ఎదురు నుంచి ఇంకో తెర. నీళ్లు పోగయ్యేది ఒళ్లో. ప్యాంటు పిర్రల దగ్గర నాలుగు కుట్లు కలిసే చోటే మొదట కారుతుంది. అక్కడ కుట్టు లేకుండా ఒకే ముక్కతో కత్తిరించిన ప్యాంటు కోసం వెతకడం దండగ కాదు. వీపు మీద మెరిసే పట్టీ తప్పనిసరి.

నిశ్శబ్దం కావాల్సినవాళ్ల కోట్లు ఒక ప్రత్యేక జాతి. చలిదేశాల్లో దుప్పి వేటకు వెళ్లేవాళ్లు తడి గాలిలో గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. వాళ్ల కోసం తయారైన కోట్లకు పైన నూగున్న మెత్తటి పాలియెస్టర్, దాని కింద పొర ఉంటాయి. చెయ్యి కదిలితే చప్పుడు రాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఆ కోట్లు ఇక్కడ పక్షుల్ని చూసేవాళ్లకు, ఫొటోలు తీసేవాళ్లకు, అటవీ సిబ్బందికి పనికొస్తాయి. జిల్లాల విభజనలో తిరుపతి వైపు వెళ్లిన నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టేది సరిగ్గా ఈ వానల్లోనే, అక్టోబరు నుంచి. పులికాట్‌కు రాజహంసలు దిగే కాలం కూడా ఇదే. పీవీసీ కోటు వేసుకుని చెయ్యెత్తితే వచ్చే గరగర శబ్దం గట్టు దాటి వినపడుతుంది. పక్షి బెదిరేది కోటు రంగుకు కన్నా ఈ చప్పుడుకూ, హఠాత్తుగా కదిలే చేతికీ.

అలాగని వేటగాళ్ల కోటును తెప్పించుకోవడం అంత తెలివైన పని కాదు. నూగు గుడ్డ నీరు పీల్చి రెట్టింపు బరువనిపిస్తుంది, 25 డిగ్రీల దగ్గర లోపల ఉడికిపోతుంది, ఆరడానికి ముసురులో రెండు రోజులు పడుతుంది. పల్చటి, మెత్తటి అల్లికగుడ్డ పైన ఉన్న తేలిక కోటు చాలు. అదీ లేకపోతే మామూలు రెయిన్‌కోటు మీద వదులుగా ఒక పాత చొక్కా తొడుక్కుంటే చప్పుడూ మెరుపూ రెండూ అణుగుతాయి. పైచొక్కా తడిస్తే తడవనీ, అది ఒంటికి తగలదు.

నల్లమల అంచు మండలాల్లో గస్తీ తిరిగే అటవీ బీట్ సిబ్బందికి హుడ్, అంటే కోటుకున్న తలకప్పు, ఒక బెడద. హుడ్ మీద చినుకులు టపటపలాడుతుంటే పక్క పొదలో ఎలుగుబంటి గుర్రుమన్నా వినపడదు. తల తిప్పితే కన్ను హుడ్ లోపలి గుడ్డనే చూస్తుంది. ముందు అంచున్న టోపీ పెట్టుకుని, హుడ్ వెనక్కి వేసి, మెడ పట్టీ బిగించుకోవడం అడవిలో నయం. గాలివాన మరీ ముదిరినప్పుడు టోపీ మీదే హుడ్ లాక్కుంటే, టోపీ అంచు కళ్ల మీదికి నీరు రాకుండా ఆపుతుంది. తల వెనక తాడు ఉన్న హుడ్ తలతో పాటు తిరుగుతుంది. గడ్డం కింద ఒక్క తాడే ఉన్నది తిరగదు.

22 డిగ్రీల్లో చలేమిటని పట్నం మనిషికి అనిపించవచ్చు. తుపాను రాత్రి వణికినవాళ్లకు తెలుసు. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. తడి బట్టల్లోంచి ఒక లీటరు నీరు గాలికి ఆవిరవ్వాలంటే 580 కిలోక్యాలరీల దాకా వేడి కావాలి, అందులో చాలా భాగం ఒంట్లోంచే పోతుంది. రోజంతా తిన్న తిండి బలంలో అది నాలుగో వంతు. అంచేత కోటు కింద ఏం వేసుకున్నామన్నది కోటంత ముఖ్యం. నూలు బనీను చెమటను పట్టుకుని వదలదు. ఆటగాళ్లు వేసుకునే పల్చటి పాలియెస్టర్ జెర్సీ నయం, తడిసినా త్వరగా ఆరుతుంది. వాన నీటిని పూర్తిగా ఆపలేకపోయినా గాలిని ఆపే కోటు సగం పని చేసినట్టే.

ఈ లెక్కన పాత గొంగళిని తీసిపారేయలేం. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడి అనిపించదు, పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా పుట్టిస్తుంది. బరువే దాని శాపం. అన్నట్టు, దేశమంతా పేరున్న నెల్లూరు గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. ఇక్కడి కాపరి కప్పుకున్న గొంగళి ఏ అనంతపురం వైపు నల్ల గొర్రెదో అయి ఉంటుంది.

కోటు చీటీ మీది అంకెల గురించి కొంచెం. 5,000 మి.మీ., 10,000 మి.మీ. అని రాసి ఉండేది గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే చుక్క దిగుతుందన్న కొలత. 10,000 అంటే పది మీటర్ల నీరు, చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. 60 కిలోల మనిషి తడి చెక్క మీద కూర్చుంటే ఆ బరువు ఆరు వందల చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది, 1,000 మి.మీ. సరిపోతుంది. అదే మనిషి తడి నేల మీద మోకాలు ఆనించి, ముప్పై కిలోలు ఇరవై చదరపు సెంటీమీటర్ల మీద మోపితే 15,000 కావాలి. అందువల్ల కోటుకు 5,000 చాలు. మోకాళ్ల మీద పని ఉన్నవాళ్లు ప్యాంటు దగ్గర పిసినారితనం చూపకూడదు, లేదా మోకాలి కింద ఒక గోతాం ముక్క వేసుకోవాలి. ఈ అంకెలన్నీ గుడ్డవే, కుట్టువి కావు. కోటు తిరగేసి చూస్తే ప్రతి కుట్టు మీదా పారదర్శకంగా టేపు అంటించి ఉండాలి. సూది పోయిన ప్రతి చోటా రంధ్రమే కదా. భుజాలకు, హుడ్‌కు మాత్రమే టేపు వేసి చంకల దగ్గర వదిలేసిన కోట్లు బజార్లో చాలా ఉన్నాయి.

కాళ్ల విషయంలో నీరు దూరని బూట్ల కోసం వెంపర్లాట అనవసరం. ముసురులో నీరు పై నుంచి బూట్లోకి వస్తుంది, వచ్చాక బయటికి పోదు. పొలంలో, వాగుల్లో నీరు వచ్చినట్టే పోయే ప్లాస్టిక్ చెప్పులు, ఇంటికొచ్చాక కాళ్లు కడిగి పొడిగా తుడుచుకోవడం, పాసిన వేళ్ల సందుల్లో మందు పొడి. బురదలో గాజుముక్కలు, తేళ్లు, పాముల భయం ఉన్న చోట మాత్రం గమ్‌బూట్లే.

అంగట్లో చూడాల్సినవి కోటు తొడుక్కుని చూడాలి. రెండు చేతులూ పైకెత్తితే నడుము బయటపడకూడదు. గొంతుక్కూర్చుంటే వీపు మీద గుడ్డ బిగుసుకోకూడదు. హెల్మెట్ వాడేవాళ్లు హెల్మెట్ తీసుకెళ్లి మెడ పట్టీ దానికి తగులుతుందేమో చూసుకోవాలి. చేతి తొడుగుతో జిప్పు లాగగలగాలి.

ఈ తీరంలో కోటును చంపేది వాన కాదు, మే నెల. డిసెంబరు చివర మడిచి అటక మీద పడేసిన కోటు ఎండాకాలమంతా రేకుల కింద ఉడుకుతుంది. పాలీయురెథేన్ పూత వేడికీ తేమకూ మెల్లగా విడిపోయి, మళ్లీ అక్టోబరులో విప్పేసరికి జిగటగా అతుక్కుని పొట్టు పొట్టుగా రాలుతుంది. దానికి మరమ్మతు లేదు. కోటును ఉతికి నీడన పూర్తిగా ఆరబెట్టి, మడవకుండా, ఇంట్లో చల్లగా ఉండే గదిలో హ్యాంగర్‌కు వదులుగా తగిలిస్తే ఇంకో రెండు మూడు సీజన్లు అదనంగా వస్తుంది. సెప్టెంబరులో ఒకసారి దింపి, లోపలి టేపు గోటితో గీకి చూడాలి. లేస్తుంటే కుట్లకు పూసే జిగురు దొరుకుతుంది; దాన్ని పొడి రోజున పూసి ఒక రాత్రి ఆరనివ్వాలి. అల్పపీడనం వార్త వచ్చాక పూస్తే ఆరదు.